పతనరహిత ధ్రువపత్రం

చెరువుల తూములు, కలుజుల పర్యవేక్షణ శాఖలో ఇరవై రెండేళ్లు మచ్చ లేకుండా పనిచేసిన కంచర్ల సుభాషిణి ఆ జులైలో ఒక పొరపాటు చేసింది. సెలవు దరఖాస్తులో ‘కారణము’ అన్న గడిలో నిజం రాసింది.

ఆ నిజం ఏమిటంటే, జనవరిలో పది రోజులు భర్తను, కూతుర్ని, అత్తగారిని వెంటబెట్టుకుని హిమాలయాలకు పోవాలి. అక్కడ కాళ్లకు పలకలు కట్టుకుని మంచు మీద జారాలి. దాన్ని స్కీయింగ్ అంటారు. ఇంట్లో ఎవరికీ ఆ విద్య రాదు. మంచన్నది వాళ్లకు ఫ్రిజ్ పై అరలో పేరుకుపోయి, నెలకోసారి గరిటె కాడతో పొడిస్తే ఊడొచ్చే వస్తువుగా మాత్రమే తెలుసు.

కూతురు తన్మయి మూడో తరగతిలో ఉన్నప్పుడు మొదటిసారి అడిగింది. పాత క్యాలెండర్‌లోంచి ఒక మంచు కొండను కత్తిరించి బీరువా తలుపుకు లోపలివైపు అంటించుకుంది. వచ్చే ఏడు పోదాంలే అంది సుభాషిణి. ఆరేళ్లుగా అదే మాట అంటూ వచ్చింది. ఇప్పుడు పిల్ల తొమ్మిదో తరగతి. వచ్చే ఏడు పదో తరగతి గనక పిల్ల బడి సొత్తు. ఆ తర్వాత రెండేళ్లు ఇంటర్ గనక కాలేజీ హాస్టలు సొత్తు. ఆపైన ఎవరి సొత్తో ఎవరు చెప్పగలరు? తనకు మిగిలింది ఈ ఒక్క జనవరే. అందుకే ఆరు నెలల ముందే దరఖాస్తు పెట్టుకుంది.

మూడో రోజు జిల్లా పర్యవేక్షణాధికారి పరాంకుశరావు గారు ఆమెను గదిలోకి పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాదు. కాగితం మీద ఉన్నది చేస్తాడు, లేనిది చేయడు, అంతే. ఆయన ముందు బల్ల మీద ఒక సర్క్యులర్ ఉంది.

ఆ సర్క్యులర్ పుట్టుక గురించి రెండు ముక్కలు చెప్పాలి. అంతకుముందు శీతాకాలం ప్రధాన కార్యాలయంలో ఒక పెద్ద అధికారి మంచు కొండలకు పోయి, ఫోటో కోసం ఒంటికాలి మీద నిలబడి, మోకాలు విరగ్గొట్టుకొచ్చాడు. ఐదు నెలలు మంచం మీద ఉన్నాడు. ఆ ఐదు నెలలూ ఆయన సంతకం కోసం రాష్ట్రంలోని తూములన్నీ ఎదురుచూశాయి. ఇలాంటి ఉపద్రవం మళ్లీ రాకూడదని, కోలుకుని రాగానే ఆయనే స్వయంగా ఈ సర్క్యులర్ తయారుచేశాడు.

“సుభాషిణి గారూ, ‘గత అనుభవము’ అన్న గడిలో ‘లేదు, మొదటిసారి’ అని పొందుపరిచారు. చిక్కంతా అక్కడే ఉత్పన్నమైంది. నాలుగో నిబంధన ప్రకారం మొదటిసారి వెళ్లేవారు గతంలో కనీసం ఒక్కసారైనా వెళ్లి ఉండాలి.”

“అట్టయితే మొదటిసారి ఎట్టా వెళ్తారు సార్?”

“ఆ ప్రశ్న సర్క్యులర్ పరిధిలోకి రాదు.” ఆయన కళ్లద్దాలు సవరించుకుని పేజీ తిప్పారు. “అయినా ప్రభుత్వం నిర్దయగా ఉండదు. ఏడో నిబంధన వినండి. ‘అట్టి అనుభవము లేని ఉద్యోగి, వారిపై ఆధారపడిన కుటుంబసభ్యులు, హిమజారుడు క్రీడయందు పతనరహిత సామర్థ్యము కలిగియున్నట్లు, సొంత జిల్లాయందే, త్రిసభ్య సంఘము సమక్షమున, శీతల వస్త్రధారణతో నిరూపించుకొనవలెను.’ నిరూపించుకుంటే పతనరహిత ధ్రువపత్రం ఇస్తాం. సెలవు తక్షణమే మంజూరవుతుంది.”

“పతనరహితమంటే?”

“ఒక్కసారి కూడా పడకూడదు.”

కిటికీ బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆ సముద్రతీర జిల్లాలో ఆకాశం నుంచి ఎప్పుడైనా వడగళ్లు పడితే పదేళ్లు చెప్పుకుంటారు. “మన జిల్లాలో మంచు యాడుంది సార్?” అని అడిగింది సుభాషిణి.

“సమకూర్చుకోవాలి” అన్నారు పరాంకుశరావు గారు.

సాయంత్రం అన్నాల దగ్గర ఈ కబురు వినగానే భర్త మాల్యాద్రి చెయ్యి కడుక్కుని లేచాడు. అతనిది మోటార్లకు వైండింగ్ చుట్టే షాపు. కాలిపోయిన వస్తువేదైనా చూస్తే అతనికి నిద్ర పట్టదు, లేని వస్తువైతే మరీ. ఆరంగుళాల బోరు పైపు తెచ్చి, నిలువుగా చీల్చి, గ్యాస్ మంట మీద మెత్తబరిచి, రోకలితో చదును చేసి, కొసలు పైకి వంచాడు. మధ్యలో పాత చెప్పులు బోల్టులతో బిగించాడు. చేతి కర్రలకు ఫ్యాను రాడ్లు వాడాడు. వారం రోజుల్లో మూడు జతలు తయారయ్యాయి.

సుభాషిణి అత్తగారు పిచ్చమ్మ ఆ పైపు ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “జారిపడేదానికి అంత దూరం పోవాల్నా అమ్మాయ్? మన బాత్రూము చాలదా?”

“నువ్వు రావా నాయనమ్మా?” అంది తన్మయి.

“రానని ఎవరన్నారే. డెబ్బై రెండేళ్లు వచ్చినయ్. ఎండకు కాలడం తప్ప ఏం చూశాను నేను?”

ఇక మంచు సంగతి. రేవులో రొయ్యల కోసం ఐసు ఆడించే ఫ్యాక్టరీ ఉంది. సుభాషిణి ఒక ట్రాక్టరు నిండా ఐసుపొడి మాట్లాడింది. ఆఫీసు మెట్ల పక్కన చక్రాల కుర్చీల కోసం కట్టిన ర్యాంపు ఉంది గనక వాలుకు కొదవ లేదు. త్రిసభ్య సంఘం కూడా ఏర్పాటైంది. పరాంకుశరావు గారు అధ్యక్షుడు. ప్రభుత్వాసుపత్రి ఎముకల డాక్టరు ఒక సభ్యుడు. హైస్కూలు డ్రిల్లు మాస్టారు ఇంకో సభ్యుడు.

ఐసు పొద్దున పదింటికి వచ్చి ర్యాంపు మీద మోకాలెత్తున పరుచుకుంది. చుట్టూ రొయ్యల వాసన. సుభాషిణి, మాల్యాద్రి, తన్మయి స్వెట్టర్లు, మంకీ టోపీలు, చేతి తొడుగులు వేసుకుని నిలబడ్డారు. పిచ్చమ్మ చీర మీద రెండు స్వెట్టర్లు తొడుక్కుని కుర్చీలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. డాక్టరు గారికి పదకొండున్నర దాకా రోగులున్నారు. ఆయన వచ్చాక కొబ్బరికాయ కొట్టారు. అప్పటికి ఐసు చీలమండల లోతుకు దిగింది. తరువాత పరాంకుశరావు గారు మైకు అందుకుని, హిమము మన సంస్కృతిలో నిర్వహించిన పాత్ర గురించి ముప్పావుగంట మాట్లాడారు. చప్పట్లు కొట్టేటప్పటికి ర్యాంపు తడిగా ఉంది. వందన సమర్పణ అయ్యేటప్పటికి పొడిగా కూడా ఉంది.

ఆ నీళ్లన్నీ ఆవరణలో నిలిచిపోయి, రెండు రోజులు సిబ్బంది ప్యాంట్లు మడుచుకుని, చీరలు ఎత్తి పట్టుకుని లోపలికి రావలసి వచ్చింది. తూముల శాఖ ఆవరణలో నీళ్లు బయటికి పోవడానికి తూము లేదని ఆ రోజు తెలిసింది. సంఘం మాత్రం నిష్పక్షపాతంగా తీర్మానం రాసింది. ‘హిమము గైర్హాజరైనందున పరీక్ష వాయిదా వేయడమైనది.’

సుభాషిణి ఆ రాత్రి బీరువా తెరిచి చీర పెట్టుకుంటూ క్యాలెండర్ బొమ్మ వంక చాలాసేపు చూసింది. పిల్ల పక్కనే నిలబడి, “బడికి పోయే దారిలో ఉప్పు కుప్పలుంటయి గదమ్మా. బస్సులోంచి చూస్తే అచ్చం ఇట్టాగే ఉంటయి” అంది.

ఉప్పు కొఠార్లు ఊరికి ఆరు కిలోమీటర్లు. అక్కడ మళ్లలో ఎండిన ఉప్పును లాగి ఇల్లంత ఎత్తు కుప్పలు పోస్తారు. వాటిలో అన్నింటికన్నా పెద్ద కుప్ప చెంచయ్యది. చెంచయ్య నీళ్లు తోడే మోటారు ఏడాదికి నాలుగుసార్లు కాలేది, నాలుగుసార్లూ మాల్యాద్రే చుట్టేవాడు. ఆ మొహమాటం కొద్దీ చెంచయ్య ఒప్పుకున్నాడు. “అక్టోబరు వానలు రాకముందే కానియ్యండి. వానలంటే నేను తాటాకు కప్పెయ్యాల. అప్పుడు రాష్ట్రపతి వచ్చినా ఇప్పను” అన్నాడు.

ఉప్పును మంచుగా గుర్తించవచ్చునా అన్న విషయం మీద త్రిసభ్య సంఘం కుప్ప పక్కనే గొడుగుల కింద సమావేశమైంది. రంగు తెలుపు. రూపం పొడి. నీళ్లు తగిలితే కరుగుతుంది. మూడు లక్షణాలు సరిపోయాయి. చల్లదనం లేదన్న ఒక్క లోటును సంఘం సానుభూతితో పరిశీలించి మినహాయించింది.

“సార్, ఇది ఉప్పండీ” అన్నాడు చెంచయ్య.

“అది మీ వ్యక్తిగత అభిప్రాయం. ప్రస్తుతానికి ఇది హిమసమాన పదార్థం” అన్నారు పరాంకుశరావు గారు.

మొదటి పరీక్షలో సుభాషిణి కుప్ప మీదికెక్కి, పైపు పలకలు కట్టుకుని, మొక్కుకుని ముందుకు వంగింది. పలకలు కదల్లేదు. ఉప్పు రాళ్లు గరుకు. మాల్యాద్రి వెనక నుంచి తోసినా కదల్లేదు. పది నిమిషాలు ఆమె కొండ మీద దీపస్తంభంలా నిలబడి ఉంది. ‘పతనము లేదు. జారుడు కూడా లేదు’ అని డ్రిల్లు మాస్టారు రాసుకున్నాడు. జారకుండా పడకపోవడం సామర్థ్యం కిందికి వస్తుందా రాదా అని స్పష్టత కోరుతూ ప్రధాన కార్యాలయానికి లేఖ పోయింది. జారవలెనని జవాబు వచ్చింది. పిండికట్టు సామాను సంచితో వచ్చిన ఎముకల డాక్టరు నిరాశగా వెళ్లిపోయాడు.

“ఆముదం రాయండయ్యా” అంది పిచ్చమ్మ.

ఆముదం రాశాక పలకలు జారడం మొదలుపెట్టాయి. అప్పుడు తెలిసింది అసలు బాధ. పుండు మీద కారం చల్లినట్టు అని ఎవరైనా అంటే సుభాషిణి ఇప్పుడు నవ్వుతుంది. పుండు పడిందీ ఉప్పులోనే, చల్లిందీ ఉప్పే. మొదటి ఆదివారం ముగ్గురూ మోచేతులు, మోకాళ్లు చెక్కుకుపోయి, మండే ఒళ్లతో ఇంటికొచ్చి బక్కెట్ల కొద్దీ నీళ్లు పోసుకున్నారు. రెండో ఆదివారం భయపడుతూ జారారు. మూడో ఆదివారానికి ఒళ్లు తనంతట తానే ఒక పాఠం నేర్చుకుంది. మోకాళ్లు వంచి, పళ్లు బిగించి, ఊపిరి బిగబట్టి, ఏమైనా సరే పడకూడదు. పడితే మంట, పడితే డ్రిల్లు మాస్టారు రాసుకుంటాడు, పడితే జనవరి పోతుంది.

ఆరో ఆదివారం బస్సులో తిరిగి వస్తూ తన్మయి అడిగింది. “అమ్మా, మంచు కూడా ఇట్టాగే ఉంటదా?”

“ఇట్టా ఎందుకుంటది?”

“ఏమో. ఇట్టా ఉంటే మనం పోవద్దులే.”

సుభాషిణికి చెంప మీద కొట్టినట్టయింది. ఆరేళ్లు ఆశపెట్టి, తీరా ఇప్పుడు పిల్లకు ఆ ఆశ మీదే విరక్తి పుట్టించానే అని కుమిలిపోయింది. కానీ ఇంత దూరం వచ్చాక వెనక్కి తగ్గే రకం కాదు.

సెప్టెంబరు రెండో వారంలో అసలు పరీక్ష. ముప్పై తొమ్మిది డిగ్రీల ఎండలో, మంకీ టోపీల్లో, ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు పడకుండా దిగారు. మిగిలింది పిచ్చమ్మ. ఆధారపడిన కుటుంబసభ్యురాలు గనక ఆమెకూ మినహాయింపు లేదు. పిచ్చమ్మ బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బు తెప్పించుకుని, అందులో కాళ్లు చాపుకుని కూర్చుంది. మాల్యాద్రి తోశాడు. టబ్బు గిరగిరా తిరుగుతూ కిందికొచ్చి ఆగింది. పిచ్చమ్మ టోపీ సర్దుకుని, “ఇంకోసారి తొయ్యరా” అంది.

సంఘంలో చర్చ రేగింది. టబ్బులో దిగడం జారుడేనా? జారుడే, కదిలింది గనక. మరి పతనం? చివరికి పరాంకుశరావు గారు ఒక చారిత్రక సూత్రం ప్రతిపాదించారు. “ఇదివరకే ఆసీనులై ఉన్న వ్యక్తికి పతనం సంభవించే ఆస్కారమే లేదు. రాయండి మాస్టారూ.” మాస్టారు రాశాడు. నలుగురికీ పతనరహిత ధ్రువపత్రాలు వచ్చాయి.

రాష్ట్రం మొత్తానికి అవే మొదటివి. ప్రధాన కార్యాలయం ఉప్పొంగిపోయింది. దక్షిణ భారతదేశంలో మంచు లేకుండా మంచు క్రీడలో స్వయంసమృద్ధి సాధించిన తొలి శాఖ మాదే అని పత్రికా ప్రకటన ఇచ్చింది. చెంచయ్య కుప్ప ముందు ‘జిల్లా హిమజారుడు శిక్షణ కేంద్రము’ అని బోర్డు వెలిసింది. పదోన్నతి జాబితాలో పతనరహిత ధ్రువపత్రానికి ఐదు మార్కులు అని ఇంకో సర్క్యులర్ వచ్చింది. అంతే, మంచు మొహం చూసే ఉద్దేశం కలలో కూడా లేని వాళ్లు జిల్లా జిల్లా నుంచి స్వెట్టర్లు చంకన పెట్టుకుని దిగారు. పొట్టలున్న వాళ్లు, మోకాళ్ల నొప్పులున్న వాళ్లు, వచ్చే నెల రిటైరయ్యే వాళ్లు కూడా వచ్చి ఆముదం రాసుకుని వరసలో నిలబడ్డారు. ఎముకల డాక్టరు సంచికి చేతినిండా పని దొరికింది.

వాళ్లకు నేర్పడానికి శిక్షకురాలు కావాలి. అనుభవజ్ఞురాలు ఒక్కరే ఉన్నారు.

“అభినందనలు సుభాషిణి గారూ” అన్నారు పరాంకుశరావు గారు ఉత్తర్వు చేతికిస్తూ. “మిమ్మల్ని రాష్ట్ర హిమజారుడు ముఖ్య శిక్షకురాలిగా నియమించడమైనది.”

“నా సెలవు సార్?”

“అదే చెప్పబోతున్నాను. ముఖ్య శిక్షకురాలి సేవలు అనివార్యమైనందున జనవరి సెలవు మంజూరు చేయుట సాధ్యపడదు. పదకొండో నిబంధన.”

“నా దగ్గర పతనరహిత ధ్రువపత్రం ఉంది గదండీ.”

“ఉండబట్టే ఈ గౌరవం దక్కింది.”

దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడన్న సామెత సుభాషిణి చిన్నప్పటి నుంచి వింటూనే ఉంది. ఆ పూజారి పదవి కూడా దేవుడు తనకే కట్టబెడతాడని మాత్రం అనుకోలేదు. ఇంటికెళ్లి పడుకుంది. పిల్లకు ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు చెప్పలేదు. మూడో రోజు తన్మయి ఆ ఉత్తర్వు తనే చదువుకుని, బీరువాలోంచి క్యాలెండర్ బొమ్మ జాగ్రత్తగా పీకి, పుస్తకంలో పెట్టేసుకుంది. ఒక మాట తిట్టినా బాగుండేది అనుకుంది సుభాషిణి.

ఆమె ముప్పై ఏడు మందికి నేర్పింది. ఎవరు ఎన్నిసార్లు పడ్డారో రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు రాసింది. బతిమాలినా వినలేదు, బెదిరించినా వినలేదు. పదోసారికి, పదిహేనోసారికి అందరూ నేర్చుకుని సున్నా వేయించుకుని పోయారు.

అక్టోబరు మూడో వారంలో ఆకాశం మబ్బు పట్టింది. చెంచయ్య తాటాకులు బండ్ల మీంచి దించుతున్నాడు. ఆ సాయంత్రం పరాంకుశరావు గారు కొత్త స్వెట్టరు వేసుకుని ఒంటరిగా కుప్ప దగ్గరికి వచ్చారు. ఎప్పుడూ చూడని విధంగా కాస్త సిగ్గుపడుతున్నారు.

“ఇంట్లో ఒకటే పోరు పెడుతున్నారు సుభాషిణి గారూ. అందరూ ధ్రువపత్రాలు తీసుకెళ్తుంటే మన ఇంటికేదీ అని మా ఆవిడ. జనవరి మొదట్లో మేమూ ఆ మంచు వైపు వెళ్దామని. నాకు మీరు కాస్త...”

“రేపటి నించి తాటాకు కప్పేస్తున్నా” అన్నాడు చెంచయ్య. “ఏం చేసినా ఈ పూటే.”

పరాంకుశరావు గారు పైకెక్కారు. పలకలు కట్టించుకున్నారు. మొదటిసారి బోర్లా పడ్డారు. రెండోసారి వెల్లకిలా. మూడోసారి చెంచయ్య మీద. చీకటి పడే వేళకు పదకొండుసార్లయ్యాయి. స్వెట్టరు నిండా ఉప్పు. మోచేతులు ఊదుకుంటూ వచ్చి రిజిస్టరు పక్కన కూర్చున్నారు.

“ఎన్ని రాశారు?”

“ఇంకా రాయలేదండి.”

“మీరు అబద్ధం రాయరని నాకు తెలుసు. రాయమని నేను అడగను. నిబంధన నిబంధనే.” ఆయన స్వెట్టరు మీది ఉప్పు దులుపుకున్నారు. “మా మనవడికి మాటిచ్చాను. ఎనిమిదేళ్లవాడు. తాతయ్యా పోదాం పోదాం అని.”

సుభాషిణి పెన్ను పట్టుకుని ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఈయన మీద కోపం పెట్టుకుని తిరిగింది. ఇప్పుడు చూస్తే ఎదురుగా ఉన్నది తన లాంటి మనిషే. ఇంట్లో పిల్లాడికి మాటిచ్చి, సర్క్యులర్‌కు చిక్కుకుపోయిన మనిషి. జాలేసింది. ఇరవై రెండేళ్లలో తప్పు రాయని చెయ్యి ఇప్పుడూ తప్పు రాయనంది. అబద్ధం అక్కర్లేదేమో అని అప్పుడు తోచింది. పాత తీర్మానాలు తిరగేసింది.

“సార్, పడ్డ ప్రతిసారీ మీరు ఆఖరికి కూర్చున్నారు గదా?”

“లేవలేక కూర్చున్నాను.”

“కూర్చున్నారా లేదా?”

“కూర్చున్నాను.”

సుభాషిణి గుండ్రని అక్షరాలతో రాసింది. ‘జిల్లా పర్యవేక్షణాధికారి వారు జారుడు మధ్యలో హిమసమాన పదార్థము యొక్క నాణ్యతను పరిశీలించు నిమిత్తము పదకొండు పర్యాయములు ఆసీనులైనారు. ఆసీనులైన వ్యక్తికి పతనము సంభవించదని సంఘము ఇదివరకే తీర్మానించియున్నది. పతనములు: సున్న.’

పరాంకుశరావు గారు రెండుసార్లు చదివారు. ఒక్క అక్షరం తప్పు పట్టడానికి లేదు. ఆయన ముఖం వికసించింది. “ఎంత నిర్దుష్టంగా రాశారండీ” అన్నారు. సంతకం పెట్టారు. పేజీ తిప్పితే దాని కింద ఇంకో కాగితం ఉంది.

“ఇదేమిటి?”

“నా సెలవు చీటీ సార్. తాటాకు కప్పేశాక ఈ కేంద్రంలో హిమసమాన పదార్థం ఉండదు. పదార్థం లేనప్పుడు శిక్షకురాలి సేవలు అనివార్యం ఎట్టా అవుతయ్?”

ఆయన సర్క్యులర్ అంతా మనసులో తిరగేసి ఉంటారు. ఎక్కడా అడ్డం దొరకలేదు. దొరకనందుకు సంతోషించినట్టే కనిపించారు. సంతకం పెట్టి, “మనవడికి టోపీ ఎక్కడ కొనాలండీ?” అని అడిగారు.

జనవరిలో ఆ నలుగురూ రెండు రైళ్లు, ఒక బస్సు మారి మంచు కొండకు చేరారు. పొద్దున్నే తెల్లటి వాలు ఎదుట నిలబడ్డారు. పిచ్చమ్మ వంగి పిడికెడు తీసి, నాలిక మీద వేసుకుని చూసింది. “చప్పగుంది” అంది తృప్తిగా.

నేర్పే పిల్లకు ఇరవై ఐదేళ్లుంటాయి. ఆ కొండల్లోనే పుట్టింది, పేరు దీక్ష. హిందీలో చెప్తోంది. మోటార్ల సామాను కోసం పెద్ద ఊళ్లు తిరిగి నేర్చుకున్న హిందీతో మాల్యాద్రి తెలుగులోకి మార్చి చెప్పాడు. “మొదటి పాఠం పడటం అంట. ఇష్టపూర్వకంగా పక్కకు పడి, మళ్లీ లేవాలంట. పడటం రాని వాళ్లను పైకి తీసకపోదంట.”

తన్మయి వెంటనే పడింది. పడి, లేచి, మళ్లీ పడింది, మంచులో దొర్లుతూ గట్టిగా నవ్వింది. ఆ నవ్వు సుభాషిణి చాలా నెలలుగా వినలేదు. మాల్యాద్రి పడ్డాడు. పిచ్చమ్మ ఎవరూ చెప్పకుండానే చతికిలబడి కూర్చుంది. పక్కన నలుగురైదుగురు చిన్నపిల్లలు కూడా పడ్డారు. నిలబడి ఉన్నది సుభాషిణి ఒక్కతే.

ఆమె పక్కకు వాలడానికి ప్రయత్నించింది. మోకాళ్లు వాటంతటవే వంగాయి, పళ్లు బిగుసుకున్నాయి, ఊపిరి ఆగింది. ఒళ్లు ఒప్పుకోలేదు. ఇంకోసారి చూసింది. కర్రలు నేలకు తన్నిపెట్టి బిర్రబిగుసుకుని నిలబడింది. దీక్ష ఆశ్చర్యంగా ఏదో అడిగింది.

“ఇట్టా నిలబడటం యాడ నేర్చుకున్నావని అడుగుతోంది” అన్నాడు మాల్యాద్రి.

“ఉప్పులో అని చెప్పు.”

అతను చెప్పాడు. దీక్షకు అర్థం కాలేదు. చేయి ఊపి మిగతా వాళ్లను పైకి రమ్మంది. సుభాషిణిని అక్కడే ఉండమంది. మాల్యాద్రి వెనక్కి వెనక్కి చూస్తూ కదిలాడు. అంతమందికి ధ్రువపత్రాలిచ్చిన శిక్షకురాలికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత దూరం వచ్చి, ఇంత చేసి, పిల్ల పైకి పోతుంటే తను కింద నిలబడి చూడాలా అని ఏడుపొచ్చింది.

తన్మయి ఆగింది. పలకలు ఈడ్చుకుంటూ అమ్మ దగ్గరికి వచ్చింది. మంచు అంటుకున్న చేతి తొడుగుతో అమ్మ చేయి పట్టుకుంది.

“ఎవరూ రాసుకోవట్లేదమ్మా. పడు.”

సుభాషిణి చుట్టూ చూసింది. నిజమే, ఎవరి చేతిలోనూ రిజిస్టరు లేదు. కర్రలు వదిలేసింది. పిల్ల చేయి పట్టుకుని అలాగే పక్కకు ఒరిగిపోయింది. మెడ వెనక స్వెట్టరులోకి మంచు జారింది. మంట పుడుతుందని కళ్లు గట్టిగా మూసుకుని కాసేపు ఎదురుచూసింది.

“మండట్లేదే” అంది.

“మండదమ్మా” అంది తన్మయి పక్కనే పడుకుని.

పైనుంచి దీక్ష రమ్మని పిలుస్తోంది. సుభాషిణి లేచి నిలబడి, మళ్లీ పడింది. ఆ తర్వాత మాల్యాద్రి ఎంత పిలిచినా కాసేపటి దాకా వాళ్లిద్దరూ పైకి వెళ్లలేదు.